సెలవునాటి చెరువు పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

ఈ కింది ఆటవెలది సూళ్లూరుపేట వైపు ఉండే ఒక గృహస్థు శనివారం రాత్రి తన కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టినది. తాళపత్ర ప్రతి లేదు. కవి బతికే ఉన్నాడు గనక పేరు చెప్పడం మర్యాద కాదు. దీని మీద ఇంతవరకు వ్యాఖ్య ఏదీ రాలేదు, రెండు బొటనవేళ్లూ ఒక నమస్కారమూ తప్ప. అవసరం లేని మాట ఒక్కటీ రాయనని వ్యాఖ్యాత కొలచెల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి అటువంటి నియమాలేవీ లేవు.

మూలం

సెలవు నాడు మనము చెరువుకు పోదము
పులులు లేవు కాని పులుగులుండు
పొట్లమందు కొంత పులిహోర కట్టుము
ఫోను నిండ చార్జి పోసి యుంచు

ప్రతిపదార్థం

సెలవు నాడు = ఆదివారమునందు; మనము = నేను, నీవు, పిల్లలు, కారు బయల్దేరు వేళకు ఎక్కడినుంచో ఊడిపడు బావమరిది; చెరువుకు = నేలపట్టు చెరువునకు; పోదము = ఆరింటికని చెప్పి తొమ్మిదింటికి పోదము; పులులు = పెద్దపులులు; లేవు = లేవు, పిల్లలు ఎన్నిసార్లు అడిగినను లేవు; కాని = ఐనను; పులుగులు = పక్షులు; ఉండు = ఉండును; పొట్లమందు = విస్తరాకు పొట్లములో; కొంత = పన్నెండుమందికి చాలునంత; పులిహోర = ప్రసిద్ధము; కట్టుము = (ఓ ఇల్లాలా!) కట్టుము; ఫోను నిండ చార్జి పోసి యుంచు = అర్థము సుగమము, అనర్థము కింద చెప్పబడును.

పాఠాంతరం

మొదటి పాదంలో ‘చెరువుకు’ అన్నచోట ‘సినిమాకు’ అని ఒక పాఠం ఉంది. ఇది పిల్లల ఫోన్లలో దొరికిన ప్రతి. లాక్షణికులకు ఇదొక సంకటం. ‘సినిమాకు’ కూడా ఇంద్రగణమే, యతీ చక్కగా కుదిరింది. ఛందస్సు ఎటూ తేల్చలేని చోట అర్థబలాన్ని బట్టి పోవాలి. సినిమాహాల్లో పులుగులుండవు, బయటి పులిహోరను గేటు దగ్గరే ఆపేస్తారు. కనుక ‘చెరువుకు’ అన్నదే గ్రాహ్యం.

చెరువు అంటే ఏ చెరువు?

కవి పేరు చెప్పలేదు కానీ నివాసాన్ని బట్టి నేలపట్టే. తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో, చెన్నై–కోల్‌కతా హైవేకు కాస్త లోపలికి ఉంటుంది. 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. వైశాల్యం దాదాపు 459 హెక్టార్లు. ఇందులో చూడవలసిన విశేషం చెరువు నీళ్లలోనే నిలబడి ఉండే కడప చెట్లు. వాన పడి చెరువు నిండితే మొదళ్లు మునుగుతాయి, కొమ్మలు పైన ఉంటాయి. చుట్టూ నీళ్లు కనక పిల్లీ నక్కా రాలేవు. ఇంత భద్రమైన స్థలం గూళ్లకు మరెక్కడ దొరుకుతుంది? అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, చింతవొక్కులు అంతస్తుల వారీగా కాపురాలు పెడతాయి. కొమ్మలూ ఆకులూ సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. ఆ సున్నం ఏమిటో, దాని వాసన ఎటువంటిదో కవి చెప్పలేదు. గాలి మళ్లితే మాత్రం పిల్లలు చెప్తారు.

నేలపట్టు రైతుకు ఆ వాసన మీద ఫిర్యాదు లేదు. ఆ రెట్ట కలిసిన నీళ్లు పొలానికి పారితే బలమని పెద్దల నాటి నుంచీ నమ్మకం. ఇది ఈ ఊరి మాటే కాదు. చెన్నైకి దక్షిణాన వేడంతాంగల్ రైతులు, సిపాయిలు తమ చెరువులో పక్షుల్ని కాల్చేస్తున్నారని గోల పెడితే, 1798లో చెంగల్పట్టు కలెక్టరు వాటిని కాపాడుకునే హక్కు వాళ్లకే రాసిచ్చాడు. అభయారణ్యం అనే మాటా, అటవీశాఖా పుట్టకముందే ఎరువు లెక్క తెలిసిన రైతు పక్షికి కాపలా కాశాడన్నమాట. కాబట్టి ‘చెరువుకు పోదము’ అన్నప్పుడు మనం పోతున్నది పార్కుకు కాదు, ఒకరి పొలానికి నీళ్లిచ్చే చోటికి. ఈ సంగతి కవికి స్ఫురించిందో లేదో గానీ టీకాకారుడికి స్ఫురించింది.

‘పులుగులుండు’ – పూర్వపక్షం, సిద్ధాంతం

ఈ పద్యానికి గుండెకాయ ఇక్కడుంది. చెరువు గట్టున ఏ బజ్జీల బండి దగ్గర అడిగినా, ఏ పత్రిక జనవరి సంచిక తిరగేసినా వినిపించేది ఒకటే: “ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయండీ!” దీన్ని సైబీరియా మతం అందాం. ఈ మతంలో గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, ఎగిరేది ఏదైనా సరే, మంచుకొండలు దాటి వేల మైళ్లు రావలసిందే. దగ్గర్లో పుట్టినదాన్ని చూడ్డానికి పెట్రోలు ఎందుకు తగలెయ్యాలని కాబోలు.

ఇది నిలవదు. నేలపట్టులో కనిపించే చుక్కముక్కు గూడబాతు అచ్చంగా దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షి. దానికి సైబీరియా తెలియదు. ఎర్రకాళ్ల కొంగా అంతే. 1946లో కె.కె.నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు, వృత్తిరీత్యా ఇంగ్లీషు మాస్టారు, పశ్చిమగోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల గూళ్ల సమూహాన్ని గుర్తించి లోకానికి తెలియజేశాడు. పిల్లల్ని పెట్టేది ఇక్కడ, పెంచేది ఇక్కడ, వానలూ నీళ్లూ చూసుకుని చెరువు నుంచి చెరువుకు మారేదీ ఈ చుట్టుపక్కలే. సైబీరియా మతానికి కొంత న్యాయం కూడా చెయ్యాలి. అదే నీళ్ల మీద తేలే సూదితోక బాతు వంటివి నిజంగానే ఉత్తరాది చలిదేశాల నుంచి వస్తాయి. వాటికి చెందవలసిన కీర్తిని గూడబాతుకు అంటగట్టడమే దోషం. కవి ‘వచ్చు’ అనకుండా ‘ఉండు’ అన్నాడు. యతికోసం కాదు, ప్రాసకోసం కాదు. తెలిసి అన్నాడనే నా నమ్మకం.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో జనం మరోరకంగా సర్దుకున్నారు. సైబీరియా నుంచి వచ్చాయంటూనే, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు. ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కడితే రాయి విసరనివ్వరు. రెండు మాటలకూ పొత్తు కుదరదు: పుట్టిల్లు ఇక్కడైతే సైబీరియా అత్తిల్లవ్వాలి. అయినా రెండో మాట పక్షిని బతికిస్తోంది గనక ఈ టీకాకారుడు తర్కానికి పోడు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో మరీ ముచ్చట. చెరువు చిన్నది, చెట్లు చాలక ఇనుప స్టాండ్లు నిలబెడితే కొంగలు వాటి మీదా గూళ్లు కట్టాయి.

గూడబాతు కాపురం గురించి ఇంకొక్క మాట. గూడు నేలపట్టులో, చేపలవేట చాలావరకు పులికాట్ సరస్సులో. ఉద్యోగం ఒక ఊళ్లో, సంసారం ఒక ఊళ్లో పెట్టుకున్న మాస్టారిలా రోజూ తిరుగుతుంది. తిరిగొచ్చాక చూడాలి. పిల్ల, తల మొత్తం తల్లి ముక్కు సంచిలోకి, అక్కణ్నుంచి గొంతులోకి దూరుస్తుంది. బయట మెడా, కొట్టుకునే రెక్కలూ మాత్రమే కనిపిస్తాయి. మొదటిసారి చూసేవాళ్లు తల్లి పిల్లను మింగేస్తోందని కేకలు పెడతారు. సగం అరిగిన చేప కోసం జరిగే పెనుగులాట అది. వాచ్‌టవర్ మీద బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుని ఈ దృశ్యం చూసిన పిల్లవాడు ఆ తరవాత పులి ఊసెత్తడు.

‘పులులు లేవు’ అనడంలో పులికాట్ మీద విసురు ఉందని మా మిత్రుడొకాయన వాదన. పేరులో పులి, నీళ్లలో రాజహంస. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు ఆ సరస్సు మధ్యలోంచే సాగుతుంది. అదృష్టం బాగుంటే రెండువైపులా తల తలకిందులు చేసుకుని బురదనీళ్లు వడకట్టుకుంటున్న రాజహంసలు కనిపిస్తాయి. వాదన బాగుంది, ఆధారం లేదు.

పులిహోర

‘కట్టుము’ మధ్యమపురుష. కట్టడం ఆవిడ, తినడం అందరూ. అలంకారశాస్త్రంలో దీనికి పేరు లేదు, ఇళ్లల్లో ఉంది. ‘కొంత’ అన్నది లక్షణ. ఇల్లాలికి ఆ కొంత ఎంతో తెలుసు. పెరుగన్నం కాక పులిహోర అనడం ఔచిత్యం, మధ్యాహ్నం దాకా పాడవదు. ‘పొట్లమందు’ అని ఆకును సూచించడం మరీ ఔచిత్యం. థర్మకోల్ పళ్లెం అయితే గట్టునే పడి ఉంటుంది, వచ్చే వానకు చెరువులో తేలుతుంది. మెతుకులు పక్షులకు వెయ్యడం పుణ్యమనుకునే బావమరుదులకు మనవి: గూడబాతు చేపలే తింటుంది. మీ మెతుకులకు చేరేది కాకి. గూళ్లలో గుడ్లు తినేదీ కాకే.

ఫోను

‘చార్జి పోసి’ అనడం చెరువు ప్రసంగానికి తగిన ప్రయోగమని రసజ్ఞులు మెచ్చుకోవచ్చు. ఫలితం మాత్రం శోచనీయం. గట్టు మీంచి ఫోనుతో తీస్తే గూడబాతు ఒక తెల్లచుక్క. చుక్క కాస్త పెద్దదవ్వాలని బావమరిది నీళ్లలోకి నాలుగడుగులు వేస్తాడు, చప్పట్లు కొడతాడు, డ్రోన్ ఉన్నవాడు డ్రోన్ ఎగరేస్తాడు. పక్షులన్నీ ఒక్కసారి లేస్తాయి. వీడియో బ్రహ్మాండంగా వస్తుంది. తల్లులు లేచిన ఆ రెండు నిమిషాల్లో గూళ్లలో గుడ్లు ఎండకు విడిచినవే, కాకులకు విడిచినవే. ఈ పాదం కవి చేసిన ఏకైక దోషం. టీకాకారుడి అధికారంతో దాన్ని ‘ఫోను కట్టిపెట్టి పోయి చూడు’ అని సవరిస్తున్నాను. గణాలు సరిపోయాయి, యతీ సరిపోయింది, చూసుకోండి.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివినవారికి వచ్చే ఫలం వాచ్‌టవర్ మెట్లెక్కిన ఆయాసమే. వెళ్లదలుచుకుంటే నవంబరు, ఫిబ్రవరి నడుమ, నిజంగానే పొద్దున ఆరింటికి బయల్దేరండి. ఎర్ర చొక్కా వద్దు, కారు హారన్ వద్దు. బైనాక్యులర్ అరువైనా తెచ్చుకోండి. దొరవారిసత్రంలో రైలు దిగినా నేలపట్టు దగ్గరే. బావమరిదిని తీసుకెళ్లడం మీ ఇష్టం.