రాయి వెనక నీడ

నన్ను ప్రోబ్ అంటారు. అల్ట్రాసౌండ్ మిషన్‌కు వైరుతో తగిలించి ఉంటాను, డాక్టరుగారి అరచేతిలో ఇమిడిపోతాను. 1880లో జాక్, పియర్ క్యూరీ అనే అన్నదమ్ములు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. అదే విద్యుత్తు తిరిగి ఇస్తే అవి కంపిస్తాయి. నా పుట్టుక ఆ వంశంలోదే. సెకనుకు సుమారు 35 లక్షల కంపనాలతో, మనిషి చెవికి అందని శబ్దాన్ని కడుపులోకి పంపుతాను. తిరిగొచ్చే ప్రతిధ్వనిని మిషన్‌కు అందిస్తే తెర మీద బొమ్మ కడుతుంది.

తెనాలిలో ఒక స్కానింగ్ సెంటర్ నా ఇల్లు. గోడ మీద లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవన్న బోర్డు, దాని కింద బల్ల మీద గర్భిణుల వరస. వాళ్ల తర్వాత ఎక్కువగా వచ్చేది కడుపునొప్పి వాళ్లు. నాకు అన్నిటికన్నా నమ్మకంగా చేతనైన పని పిత్తాశయాన్ని చూడటం.

చేపలు బాగుచేసేవాళ్లకు చేదుకట్టు తెలుసు, పగిలితే పులుసంతా పాడు. మనిషిలో ఆ తిత్తే పిత్తాశయం, కుడి పక్కటెముకల కింద, కాలేయానికి అంటుకుని ఉంటుంది. పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు. కాలేయం తయారుచేసిన పైత్యరసాన్ని దాచి, చిక్కబరిచి, కొవ్వున్న తిండి పేగులోకి దిగగానే పిండి పంపుతుంది. అందుకే స్కాన్‌కు పరగడుపున రమ్మంటారు. పాలు పోసిన టీ ఒక్కటే కదా అని తాగి వస్తే తిత్తి ముడుచుకుపోతుంది, నాకు సరిగా కనబడదు.

పైత్యరసంలో కొలెస్ట్రాల్ కరిగే హద్దు దాటినా, తిత్తి సరిగా ఖాళీ కాకపోయినా మొదట బురదలాంటి మడ్డి, తర్వాత రాయి ఏర్పడతాయి. ఆడవాళ్లలో, గర్భం వచ్చినవాళ్లలో, ఒళ్లున్నవాళ్లలో ఎక్కువ. తిండి మానేసి గబగబా బరువు తగ్గేవాళ్లకూ వస్తాయి, ఇది చాలామందికి తెలియదు. ఏజెన్సీ ఊళ్ల నుంచి సికిల్‌సెల్ ఉన్న పిల్లలు వస్తే వాళ్ల రాళ్ల రకమే వేరు. రక్తకణాలు చితికి, వాటిలోంచి వచ్చే రంగు పదార్థం గట్టిపడి నల్లరాళ్లవుతుంది. ఆ చిన్న పొట్టల మీద నన్ను పెట్టినప్పుడు నాకు బాధేస్తుంది.

ఒకామె సంగతి చెబుతాను. మిరప కోతకు వెళ్లే మనిషి. పెళ్లిభోజనం చేసిన రాత్రల్లా డొక్కలో పట్టేసి, కుడి భుజం వెనక్కి లాగేదట. సోడా తాగింది, గ్యాస్ బిళ్లలు మింగింది. ఎవరో చెబితే కొండపిండాకు కషాయం కూడా కాచుకుంది. జనం ఆ ఆకు వాడేది కిడ్నీ రాళ్లకు. మూత్రంలో పుట్టే రాయి వేరు, పైత్యంలో పుట్టే రాయి వేరు, దారులూ వేరు. ఎన్ని బిందెల నీళ్లు తాగినా పిత్తాశయంలో రాయి కొట్టుకుపోదు. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే రాళ్లు పడిపోయాయని కొందరు చూపించే పచ్చటి ఉండలు ఆ నూనె కడుపులో సబ్బులా గట్టిపడ్డ ముద్దలే.

చల్లటి జెల్ రాసి నన్ను ఆమె డొక్క మీద ఆనించారు. "గాలి పీల్చి ఆపమ్మా." తిత్తి నల్లగా కనబడింది, అడుగున తెల్లటి మెరుపు, దాని వెనక కత్తితో గీసినట్టు నల్లని నీడ. నా శబ్దాన్ని రాయి దాటనివ్వదు, అందుకే ఆ నీడ. "ఎడమ పక్కకి తిరుగమ్మా." రాయి దొర్లింది. దొర్లకుండా గోడకే అంటుకుని ఉంటే పాలిప్ అని, అంటే గోడకు పెరిగిన చిన్న కండ అని అనుమానించాలి. తర్వాత నన్ను సరిగ్గా తిత్తి మీద పెట్టి కాస్త నొక్కారు. ఆమె చటుక్కున ఊపిరి బిగబట్టింది. తిత్తి గోడ కూడా ఉబ్బి ఉంది.

"గ్యాసనుకున్నానండి."

"గ్యాస్ కాదమ్మా. రాయి మూతికి అడ్డంపడుతోంది. సర్జన్ దగ్గరికి ఇవాళే వెళ్లు."

రాయి కనబడ్డవాళ్లందరికీ ఈ మాట చెప్పరు. చెప్పకూడదు కూడా. మరేదో కారణంతో వచ్చినవాళ్లలో ఎన్నో రాళ్లు చూస్తాను, ఎక్కువమందిని అవి జీవితాంతం ఏమీ చేయవు. నొప్పి లేనివాళ్లకు సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. మూడు సెంటీమీటర్లు దాటిన రాయి, పెద్ద పాలిప్ లాంటివి ఉంటే లెక్క వేరు. రిపోర్టులో ఒక్క మాట చూసి ఇల్లంతా ఏడవడం నాకు నచ్చదు. నొప్పి ఒకసారి మొదలయ్యాక మాత్రం మళ్లీ వచ్చే అవకాశమే ఎక్కువ. అప్పుడు వాయిదా వేయడం నాకు అంతకన్నా నచ్చదు.

రాయి ఒక్కటే తీయొచ్చు కదా అని అందరూ అడుగుతారు. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ మొదటిసారి తిత్తినే తీసింది ఇందుకే, రాళ్లు పుట్టించేది అదే కనుక. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె పెద్ద కోత లేకుండా లాపరోస్కోపీతో ఆ పని చేశాడు. ఇప్పుడు మామూలుగా నాలుగు చిన్న గాట్లు పెడతారు, చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికెళతారు. కరిగించే మాత్రలున్నాయి. కాల్షియం పట్టని చిన్న కొలెస్ట్రాల్ రాళ్లకే అవి పనిచేస్తాయి, నెలల తరబడి వాడాలి, మానేశాక మళ్లీ పుట్టడం మామూలే.

నాకు సరిగా అందని చోటు పైత్యనాళం చివర. పేగులోని గాలి నా శబ్దానికి అడ్డొస్తుంది. రాయి అక్కడికి జారితే కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగవుతుంది. చలిజ్వరం తోడైతే రాత్రయినా ఆగకూడదు. అక్కడ అడ్డంపడ్డ రాయి వల్ల క్లోమం వాచినా ప్రాణం మీదికి వస్తుంది. నాళంలో రాయిని ఎమ్మార్సీపీ స్కాన్ చూపిస్తుంది. నోటి గుండా గొట్టం పంపి ఈఆర్‌సీపీతో తీస్తారు. తిత్తికి ఆపరేషన్ ఆ తర్వాత.

మిరప కోతల ఆమె ఆపరేషన్ అయ్యాక మళ్లీ వచ్చింది. తిత్తి లేకపోతే అరుగుదల ఎట్లా అని ఆమె భయం. కాలేయం పైత్యరసం చేస్తూనే ఉంటుందని, అది నేరుగా పేగులోకి దిగుతుందని, కొందరికి కొన్నాళ్లు విరేచనాలు పలచగా అవుతాయని డాక్టరుగారు ఓపికగా చెప్పారు. పండక్కి మాంసం తినొచ్చా అని అడిగింది.

"తినొచ్చమ్మా, ముందు కొంచెం కొంచెంగా."