గోడకి అటూ ఇటూ ఆన్‌లైన్

ఫ్రాంక్‌ఫర్ట్‌లో పక్కింటివాళ్లతో పరిచయం కావాలంటే, ముందు మీరు పక్కింట్లోనే ఉంటున్నారని రుజువు చేసుకోవాలి. 2015లో బెర్లిన్‌లో మొదలైన నేబెనాన్ అనే ఇరుగుపొరుగు వెబ్‌సైటులో చేరాలంటే అసలు పేరు ఇవ్వాలి, చిరునామాకి ఆధారం చూపాలి. కావాలంటే కోడ్ నంబరుతో పోస్టుకార్డు ఇంటికి తెప్పించుకోవచ్చు. ఆ కోడ్ కొట్టాక, ఎదురు తలుపావిడకి నిర్భయంగా నమస్కారం టైపు చేయొచ్చు. తలుపు తట్టి చెప్పొచ్చు కదా అంటారా? చెప్పాపెట్టకుండా తలుపు తడితే ఇక్కడివాళ్లు ముందు గుండె పట్టుకుని, తర్వాత గొళ్లెం పట్టుకుంటారు.

అలాగని అది పనికిమాలిన వ్యవహారమేం కాదు. నిచ్చెన అరువు, తప్పిపోయిన పిల్లి, ఉచితంగా పాత సోఫా, ఊరెళితే మొక్కలకి నీళ్లు, అన్నీ అందులో నడుస్తాయి. దాని ఫౌండేషను 2018 నుంచి మే నెలలో దేశమంతటా పొరుగువారి పండగ కూడా జరిపిస్తోంది.

మరి మనవాళ్లు? వాట్సాప్‌లో ఉన్నారండీ. గ్రూపులో 1024 మందికి మించి పట్టరు కాబట్టి రెండో గ్రూపు, అడ్మిన్‌తో పడక మూడోది. సంఘాలదీ అదే వరస: జర్మనీలో సంఘం రిజిస్టరు చేయాలంటే ఏడుగురు సభ్యులుంటే చాలు. మన ఏడుగురిలో ఆరుగురికి అధ్యక్షయోగం ఉంటుంది, మిగిలినాయన ఫొటోలు తీస్తాడు.

గ్రూపులో సందడికి లోటుండదు. "ఈ వారం హైదరాబాద్ నుంచి ఎవరైనా వస్తున్నారా అండీ? చిన్న పార్సెల్, మందులు." "ఎంతుంటుంది బ్రదర్?" "అరకిలో అండీ. దాంతోపాటు ఆవకాయ ఓ మూడు కిలోలు." శంషాబాద్‌లో ఎవరు విమానం ఎక్కుతున్నారో, వాళ్ల సూట్‌కేసులో ఎంత ఖాళీ ఉందో మనకి క్షణాల్లో తెలిసిపోతుంది. మన నెత్తిమీద ఫ్లాట్‌లో ఎవరుంటున్నారో మాత్రం తెలీదు.

ఈ రెండు ప్రపంచాలూ కలిసే ముహూర్తం ఆదివారం ఉదయం. జర్మనీలో ఆదివారమంటే మౌనవ్రతం. ఆ వేళ మన ఇంట్లో మిక్సీ తిరుగుతుంది. అవతల నేబెనాన్‌లో ప్రశ్న పడుతుంది: "ఆదివారం గోడకి డ్రిల్లింగ్ చేస్తున్నదెవరు?" కింద చర్చ మొదలు. ఒకాయన ఇంటి నిబంధనల్లో పేరా ఉటంకిస్తాడు, ఇంకొకాయన ఓనరుకి రాద్దామంటాడు, ఒక దయగల తల్లి "పాపం, కొత్తగా దిగినవాళ్లేమో" అంటుంది. సరిగ్గా అదే నిమిషంలో గోడకివతల ఆ డ్రిల్లింగు తాలూకు కొబ్బరి చట్నీ ఫొటో వాట్సాప్‌కెక్కి, లైకులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఇద్దరూ సమాజంతో మమేకమయ్యే ఉన్నారు, మధ్యలో గోడ ఒక్కటే అడ్డం.

నగరపాలక సంస్థ మాత్రం తన వంతు చేసింది. ప్రజల సలహాల కోసం ఆన్‌లైన్ వేదిక పెట్టింది. అందులో మీ ఆలోచనకి 200 మంది మద్దతిస్తే అధికారులు పరిశీలిస్తారు. పార్కులో బల్ల కావచ్చు, బడి ముందు జీబ్రా గీతలు కావచ్చు. రెండొందలు మనకో లెక్కా? గోంగూర దొరికే కొట్టు అడ్రసు పెడితే కాఫీ తాగేలోపు అన్ని బొటనవేళ్లు లేస్తాయి. జీబ్రా గీతల లింకు పెట్టి చూడండి: "ఇది తెలుగు గ్రూపు, అనవసరమైనవి పోస్ట్ చేయవద్దు - అడ్మిన్."

ఓటు సంగతీ అంతే. యూరోపియన్ యూనియన్ పాస్‌పోర్టు లేనివాళ్లకి నగర ఎన్నికల్లో ఓటు లేదు, నిజమే. కానీ విదేశీయుల ప్రతినిధుల మండలికి మనమూ ఓటేయొచ్చు. 2021 నుంచి ఆ ఎన్నిక నగర ఎన్నికల రోజునే పెడుతున్నారు. పిలుపు ఇంటికే వస్తుంది, కాకపోతే కవరులో వస్తుంది, ఫార్వర్డుగా రాదు. అందుకని నేరుగా కాగితాల చెత్తడబ్బాలోకి పోతుంది. ఏ చెత్త ఏ డబ్బాలో వేయాలో మనవాళ్లు ఇక్కడికొచ్చాక శ్రద్ధగా నేర్చుకున్నారు మరి.

ఇంతకీ ఈ ఊళ్లో ఇరుగుపొరుగును కలిపే మహానుభావుడు కొరియరబ్బాయి. మనం ఇంట్లో లేకపోతే పార్సెల్ పక్కింట్లో ఇచ్చి, వాళ్ల పేరు రాసిన చీటీ మన డబ్బాలో వేసి పోతాడు. మొన్న గ్రూపులో ఒకాయన ఆ చీటీ ఫొటో పెట్టాడు: "నా పార్సెల్ ఎదురింటావిడ దగ్గరుందట. ఏం చేయమంటారు?" సలహాలు వెల్లువెత్తాయి. కంపెనీకి మెయిల్ పెట్టమని కొందరు, ఇన్సూరెన్సు ఉందా అని కొందరు. చివరికి గ్రూపులో అందరికన్నా సీనియరు తేల్చేశారు: "తొందరపడి బెల్లు కొట్టకండి తమ్ముడూ, ముందు ఆవిడ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి."