చెప్పని సూది

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకి నేను జువాలజీ చెప్తాను. ఏటా కండరాల పాఠం వస్తుంది. నాడి చివర చిన్న చిన్న తిత్తుల్లో ఎసిటైల్‌కోలిన్ ఉంటుందనీ, పైనుంచి కబురు రాగానే ఆ తిత్తులు నాడి గోడకి అతుక్కుని తెరుచుకుంటాయనీ, అప్పుడే కండరం ముడుచుకుంటుందనీ బోర్డు మీద బొమ్మ గీసి చెప్తాను. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా ఆ బొమ్మ పక్కనే బోటులినం టాక్సిన్ గురించి నాలుగు మాటలు చెప్పడం అలవాటు. ఆ విషం నాడిలోకి దూరి, తిత్తి అతుక్కోవడానికి కావలసిన ప్రోటీన్‌ని తెంచేస్తుంది. కబురు వస్తుంది, కండరం మాత్రం కదలదు.

ఇంత తెలిసినదాన్ని, ఆ టాక్సిన్నే నుదుట పొడిపించుకుని, తర్వాత చేయకూడదన్నవన్నీ చేశాను. తెలియక చేసినవి కావు. నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గుతో చేసినవి. ఆ సిగ్గు మా అమ్మని ఎంత ఏడిపించిందో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

నా కనుబొమల మధ్య రెండు నిలువు గీతలుండేవి. నలభై దాటాక లోతయ్యాయి. క్లాసులో నేను మామూలుగా నిలబడ్డా పిల్లలకి కోపంగా కనపడేదాన్ని. ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి ఏడాదంతా సందేహాలన్నీ పక్కనున్న అమ్మాయిచేత అడిగించింది. చివరికి ఆ పిల్లే చెప్పింది, మీ మొహం చూస్తే భయమేస్తుంది మేడమ్ అని. నాకు బాధేసింది. అందంగా కనపడాలన్న కోరిక కూడా ఉంది, లేదనను. అక్క కూతురి పెళ్ళి దగ్గర పడుతోంది. ఫొటోలుంటాయి. అందుకని హైదరాబాదులో ఒక చర్మ వైద్యురాలి దగ్గరికి ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను.

ఆవిడ శ్రద్ధగా చూసింది. కండరాల బలహీనత జబ్బులేమైనా ఉన్నాయా, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నానా, రక్తం పలచబడే మందులు వాడుతున్నానా, అన్నీ అడిగింది. ఇంట్లో ఏదైనా శుభకార్యం ఉందా అని కూడా అడిగింది. ఈ మందు పనిచేయడం మొదలుకావడానికి మూడు నాలుగు రోజులు, పూర్తిగా తెలియడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి, ఫంక్షన్ ఉంటే కనీసం నెల ముందే రమ్మంటామంది. పెళ్ళి వచ్చే నెలలో అని చెప్పాను. నిజానికి పెళ్ళి ఆ పై వారమే. నా మొదటి అబద్ధం అది.

ఐదు చోట్ల సన్నటి సూదితో మొత్తం 20 యూనిట్లు వేసింది. చీమ కుట్టినట్టుంది, అంతే. తర్వాత జాగ్రత్తల కాగితం ఇచ్చి, నోటితో కూడా చెప్పింది. నాలుగు గంటలు పడుకోకూడదు, తల వంచి పనులు చేయకూడదు. ఒక రోజంతా ఆ చోటు రుద్దకూడదు, నొక్కకూడదు, వ్యాయామం వద్దు, ఆవిరి పట్టడం వద్దు, మరీ వేడినీళ్ళు వద్దు. రెండు వారాలు ఫేషియల్, ముఖానికి మసాజ్ వద్దు. చన్నీళ్ళతో మెల్లగా కడుక్కోవచ్చు. తలనొప్పి వస్తే పారాసెటమాల్ వేసుకోవచ్చు. అన్నిటికీ తలూపాను. బయటికొచ్చి ఆటో ఎక్కగానే ఆ కాగితం చింపి పారేశాను, ఇంట్లో ఎవరి కంటైనా పడుతుందని. సూది గుచ్చిన చోట ఎర్రగా ఉబ్బి కనపడుతుంటే పెద్ద స్టిక్కర్ బొట్టు తీసి గట్టిగా నొక్కి అంటించాను. అప్పటికి అరగంటైనా కాలేదు.

ఆ రాత్రే రైల్లో తెనాలి వెళ్ళాను. మర్నాడు పసుపు దంచే ముహూర్తం. మా ఇంట్లో ఏ శుభకార్యానికైనా ముందు అమ్మ ఆడపిల్లలందరికీ తలంటుతుంది. డెబ్బై దాటినా ఆ పని ఎవరికీ ఇవ్వదు. నువ్వుల నూనె వెచ్చజేసి గిన్నెలో తెచ్చుకుంటుంది. పీట వేసి కూర్చోబెట్టి, మాడున నూనె పెట్టి చప్పట్లు చరిచినట్టు చరుస్తుంది. తర్వాత ముఖం. రెండు బొటనవేళ్ళూ కనుబొమల మధ్య ఆనించి, గట్టిగా నొక్కుతూ కణతల దాకా లాగుతుంది. కనురెప్పల మీదుగా ముక్కు పక్కలకి దిగుతుంది. మళ్ళీ పైకి. చిన్నప్పటి నుంచీ నాకు నిద్ర ముంచుకొచ్చేది ఆ వేళ్ళకింద.

"ఏమిటే ఇంత బిగుసుకుని కూర్చున్నావు, కాస్త వదులవ్వు" అంది.

"అమ్మా, నిన్న ముఖానికి ఇంజెక్షన్ చేయించుకున్నాను, ఈ ఒక్కరోజు ముఖం వదిలెయ్యి" అంటే సరిపోయేది. అక్క పక్కనే ఉంది, ఇద్దరు పిన్నులున్నారు, పెళ్ళికూతురుంది. ఈ వయసులో దీనికి ఇదేం కోరిక అనుకుంటారని నోరు మూసుకున్నాను. అమ్మ వేళ్ళు సరిగ్గా ఆ ఐదు చోట్ల మీదే తిరుగుతున్నాయి. కనురెప్పని పైకెత్తే కండరం కంటిగుంత పైభాగం మీదుగా వస్తుంది. కనుబొమ దగ్గర వేసిన మందు కిందికి పాకితే మొదట పట్టుకునేది దాన్నే. పిల్లలకి కన్ను బొమ్మ కూడా నేనే గీస్తాను. తెలిసి కూర్చున్నాను. ఆ తర్వాత సున్నిపిండి నలుగు, కాగులో పొగలు కక్కే నీళ్ళు. మధ్యాహ్నం పేరంటానికి వచ్చిన ప్రతి ముత్తైదువా నుదుట వేలితో ఒత్తి కుంకుమ పెట్టింది.

కొద్ది రోజులు బాగానే ఉంది. గీతలు మెత్తబడ్డాయి. అద్దంలో చూసుకుని సంతోషపడ్డాను. పెళ్ళికి ముందు రోజు పొద్దున లేచేసరికి ఎడమ కనురెప్ప బరువుగా అనిపించింది. నిద్ర చాలలేదనుకున్నాను. మధ్యాహ్నానికి రెప్ప నల్లగుడ్డు సగం దాకా వాలింది.

బోటులినం విషం తెచ్చే జబ్బు కథలో రెప్ప వాలడమే మొదటి గుర్తుల్లో ఒకటి. 1820 ప్రాంతాల్లో జర్మనీలో యుస్టినుస్ కెర్నర్ అనే వైద్యుడు చెడిపోయిన సాసేజ్‌లు తిని పడిపోయినవాళ్ళని ఒక్కొక్కరినీ చూసి రాసుకున్న లక్షణాల్లో అది ఉంది. 1895లో బెల్జియంలోని ఎలెజెల్ అనే ఊళ్ళో ఒక అంత్యక్రియల్లో వాయించడానికొచ్చిన బ్యాండు వాళ్ళు పాడైన హామ్ తిని జబ్బుపడితే, ఎమీల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ మాంసంలోంచే బాక్టీరియాను పట్టుకున్నాడు. అదే విషాన్ని అతి కొద్ది మోతాదులో మెల్లకన్ను సరిచేయడానికి వాడొచ్చని శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు చూపించాడు. 1989లో అమెరికా ప్రభుత్వం దాన్ని మందుగా ఒప్పుకుంది. కనురెప్పలు అదురుతూ మూసుకుపోయే రోగులకి ఈ ఇంజెక్షన్లు ఇస్తున్న వాంకూవర్ కంటి డాక్టరు జీన్ కారుథర్స్, వాళ్ళ బొమముడి కూడా పోతోందని గమనించి, చర్మ వైద్యుడైన భర్త అలస్టర్‌తో కలిసి ఈ ముడతల వైద్యానికి దారి వేసింది. కనుబొమల మధ్య గీతలకి అనుమతి 2002లో వచ్చింది. చూపు కాపాడటానికి పుట్టిన మందు ఇది. దీన్ని గౌరవంగా చూడాలని నేనిప్పటికీ అంటాను. ఆ గౌరవం ఆ రోజు నాలో లేదు. వేడినీళ్ళలో గుడ్డ ముంచి కంటికి కాపడం పెట్టుకున్నాను. రెప్పని వేలితో పైకి రుద్దాను. మందు వల్ల వచ్చిన వాలుకి ఇవేవీ పనిచేయవు.

అమ్మ చూసింది.

నాన్న పక్షవాతంతో పోయారు. ఆ రోజు పొద్దున ఆయన కాఫీ గ్లాసు పట్టుకోలేకపోతే, అమ్మ ముందు చూసింది ఆయన ముఖమే. ఒక పక్కకి జారిపోయిన ముఖం. అమ్మ నా గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. "నవ్వవే, నవ్వు చూద్దాం. చేతులు రెండూ పైకెత్తు" అంది. ఆవిడ గొంతు వణికిపోతోంది. నవ్వాను. చేతులెత్తాను. ఏం కాదమ్మా, నిద్ర లేక అన్నాను. "మీ నాన్న కూడా ఏం కాదనే అన్నారు" అంది. అప్పుడైనా చెప్పాల్సింది. పందిట్లో చుట్టాలున్నారు. చెప్పలేదు.

బావగారు విడిదింటి పనులన్నీ తమ్ముడికి వదిలేసి కారు తీశారు. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు కుర్రవాడు. కళ్ళలో టార్చి వేసి చూశాడు. వేలు తిప్పి అటూ ఇటూ చూడమన్నాడు. మాట తడబడుతోందా, మింగడం కష్టంగా ఉందా, సాయంత్రమయ్యేసరికి ఎక్కువవుతోందా అని అడిగాడు. ఆ తర్వాత, "ఈమధ్య ముఖానికిగానీ కళ్ళ చుట్టూగానీ ఏదైనా ఇంజెక్షన్ చేయించుకున్నారా అమ్మా?" అన్నాడు. అమ్మ నా పక్కన నిలబడి ఉంది. లేదన్నాను.

నా జీవితంలో నేను చేసిన అతి తెలివితక్కువ పని ఆ ఒక్క మాట. డాక్టరు సరిగ్గా అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. నేను మెదడులో రక్తనాళం ఉబ్బిందేమోనని ఆయన్ని వెతకడానికి పంపాను. తలకి స్కాన్ రాశాడు. కమ్మలూ గొలుసూ తీసి అమ్మ చేతికిచ్చాను. ఆవిడ వాటిని కొంగున ముడేసుకుని, గోడకి ఆనుకుని, తిరుపతి కొండకి నడిచొస్తానని పైకే మొక్కుకుంటోంది. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. ఆ మాటలు వింటూ కూడా లోపలికెళ్ళి పడుకున్నాను.

స్కాన్‌లో ఏమీ లేదు. అమ్మ బయట ఉండగా డాక్టరుకి నిజం చెప్పాను. ఆయన కోప్పడలేదు. "సగం జబ్బు మీరు చెప్తేనే మాకు తెలిసేది, మేడమ్" అన్నాడు. కొన్ని వారాల్లో దానంతటదే పోతుందని, ఆప్రాక్లోనిడిన్ అనే చుక్కలు వేస్తే రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు లేస్తుందని, అవి ఇంజెక్షన్ ఇచ్చిన డాక్టరుతో మాట్లాడే వాడమని చెప్పాడు. మింగడం, మాట్లాడటం, ఊపిరి తీసుకోవడం వీటిలో దేనికి ఇబ్బంది వచ్చినా ఒక్క నిమిషం ఆగకుండా రావాలని రెండుసార్లు చెప్పాడు. అవి రావడం చాలా అరుదట. అయినా ఈ సూది వేయించుకునే ప్రతివాళ్ళకీ, వాళ్ళతో ఇంట్లో ఉండేవాళ్ళకీ తెలిసుండాల్సిన మాట అది. రాత్రిపూట నాకేమైనా అయితే, దేని వల్లో మా ఇంట్లో ఒక్కరూ చెప్పగలిగేవారు కాదు.

పెళ్ళంతా అమ్మ పీటల వైపు చూడలేదు. నా మూతి వైపే చూసింది. మనవరాలి మెడలో తాళి పడుతున్నప్పుడు కూడా అక్షింతలు వేసి వెంటనే నావైపు తిరిగింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తొస్తుంది, గుండె పట్టేసినట్టవుతుంది.

చుట్టాలు వెళ్ళిపోయాక చెప్పాను. తిడుతుందనుకున్నాను. అమ్మ చాలాసేపు తన చేతులు చూసుకుంది. "అయితే నేను రుద్దినందుకా?" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. హైదరాబాదు వెళ్ళి ఆ చర్మ వైద్యురాలికి అంతా చెప్పి, అమ్మ ప్రశ్నే అడిగాను. ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరంది. సూది పడిన చోటు కొద్దిగా కిందికున్నా ఇలా అవుతుంది. మందు గంటల్లోనే నాడుల్లోకి చేరుకుంటుంది కాబట్టి మర్నాటి మర్దనా పాత్ర ఎంతో తేల్చలేం. అసలు ఈ జాగ్రత్తలన్నిటికీ ఒకే స్థాయి రుజువు లేదు. నాలుగు గంటలు నిటారుగా ఉండమనడానికి వెనకున్న ఆధారం తక్కువే. అయినా పాటిస్తే పోయేదేమీ లేదు, పాటించకపోతే ఒక్కోసారి పోతుంది, అందుకే చెప్తామంది. ఇదంతా ఫోన్లో అమ్మకి చెప్పాను. నమ్మిందో లేదో. ఆ దీపావళికి తలంటు పోస్తానని పిలవలేదు.

రెప్ప కొన్ని వారాలకి లేచింది. సూది వేయించుకున్నందుకు నేను పశ్చాత్తాపపడటం లేదు. పాఠం మధ్యలో ముందు బెంచీ పిల్లలు చెయ్యెత్తుతున్నారు. నాలుగు నెలలకి గీతలు మళ్ళీ వచ్చాయి. ఎంత బాగా పనిచేసినా ఈ మందు ఉండేది మూడు నాలుగు నెలలే. అంతకు ముందు మళ్ళీ వేయించుకోకూడదు. ముఖం కదపకపోయినా కనపడే లోతు గీత దీనితో పూర్తిగా పోదు. ఎండలో వెళ్ళేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకుంటే కొత్తవి రావడం తగ్గుతుంది. మొదటిసారి ఈ మాటలన్నీ నేను వినిపించుకోలేదు.

ఈసారి వెళ్ళేముందు అమ్మని తెనాలి నుంచి రప్పించుకున్నాను. డాక్టరు గదిలోకి తీసుకెళ్ళాను. ఆవిడ ఇచ్చిన కాగితాన్ని నేను తెలుగులో రాసి అమ్మకిచ్చాను. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, డాక్టర్నే అడిగింది. "రుద్దకూడదని రాశారు సరే. తలకి నూనె పెట్టొచ్చా? ఎన్నాళ్ళకి పెట్టొచ్చు?"

"మాడుకి రెండ్రోజులాగి మెల్లగా పెట్టండి పెద్దమ్మా. ముఖం జోలికి మాత్రం రెండు వారాలు వెళ్ళకండి" అంది డాక్టరు.

అమ్మ ఆ కాగితం చివర తనే తేదీ వేసుకుంది. రెండు వారాలు మా ఇంట్లోనే ఉండి, ఆ తేదీ దాటిన ఆదివారం పొద్దున నూనె గిన్నె స్టవ్ మీద పెట్టి, పీట వేసి నన్ను పిలిచింది.