వేలెడు అద్దము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి మన మెదకు సీమ మనిషి. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. నాకు ఆ ఒట్టు లేదు. ఇక్కడ మూలం ఒకే ఒక్క వాక్యం. ఒట్టుకు కట్టుబడితే సంపాదకులు ఇచ్చిన పుటల్లో ముప్పాతిక తెల్లకాగితంగా మిగులుతుంది.

సూత్రకర్త ఒక లారీ డ్రైవరు. పేరు తెలియదు కనుక అపౌరుషేయం అనుకున్నా దోషం లేదు. శ్రోత క్లీనరు. దేశం మహారాష్ట్రలోని చంద్రపూర్. కాలం పుష్యమాసం, నడిరేయి. బొగ్గు లోడుకు వరసలో నిలబడ్డ లారీ తెల్లవారితే గాని కదలదు. చంద్రపూర్‌లో తెలుగు సూత్రం ఎక్కడిదని ఆక్షేపించేవారికి సమాధానం: వార్ధా నది అవతలి రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. కాజీపేట రైలుదారి వచ్చి ముట్టేది బల్లార్షాలో. మంచిర్యాల, ఆసిఫాబాదు, వాంకిడి మీదుగా వచ్చే 363వ నంబరు జాతీయ రహదారి నిండా తెలుగు లారీలే. మరాఠీ వ్యాఖ్య ఎవరైనా రాస్తే సంతోషం; మూలం మాత్రం మనది.

మూలము

“వేలెడు అద్దం దించి పండుకోరా, లేకుంటె పొద్దుగాల తుడుసుడు నీ పనే.”

ప్రతిపదార్థము

రా = ఓయి క్లీనరా (చనువు, అధికారము సమపాళ్ళ కలిసిన సంబోధన); అద్దం = కేబిను తలుపు గాజును; వేలెడు = వేలు పట్టునంత మేర; దించి = దిగువకు జరిపి; పండుకో = నిద్రింపుము; లేకుంటె = అట్లు చేయనిచో; పొద్దుగాల = ఉదయమున; తుడుసుడు = గాజు లోపలి ముఖమున చేరిన నీటిని గుడ్డతో తీయుట; నీ పనే = నీ కర్తవ్యమే, నాది కాదనుట.

అలంకారము: లేదు. లారీ వెనక రాసినవి చాలు.

టీక

ఈ సూత్రంలో ‘నీరు’ అన్న మాటే లేదు. పొద్దున తుడవాల్సినది ఏమిటో, అది ఎక్కడినుంచి వచ్చిందో కర్త చెప్పలేదు. లోకంలో అందరూ అనేది మంచు లోపలికి దిగిందని. అదే నిజమైతే అద్దం బిగించమని చెప్పాలి గాని దించమని చెప్పడమేం? కాబట్టి నీటి పుట్టిల్లు కేబిను లోపలే అని కర్త అభిప్రాయం. ఆ పుట్టిల్లు మరెవరో కాదు, పడుకున్న ఇద్దరూ.

మనిషి నిద్రలో కూడా ఊపిరితోనూ చర్మంతోనూ గంటకు సుమారు 40 గ్రాముల నీరు ఆవిరిగా వదులుతాడు. ఇద్దరికి ఎనిమిది గంటలంటే 640 గ్రాములు, అరలీటరుకు పైమాటే. డ్రైవరు గురక పెడితే ఎక్కువా అని శిష్యులు అడుగుతారు. శాస్త్రంలో ప్రమాణం దొరకదు.

ఈ అరలీటరు ఎక్కడికి పోవాలి? గాలి ఆవిరిని మోయగలదు గాని దాని శక్తి వేడిని బట్టి ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 17 గ్రాములు మోస్తుంది. 15 దగ్గర 13 లోపే, 10 దగ్గర 9 పైచిల్లర. కేబిను ఐదు ఘనపు మీటర్లు అనుకోండి. అద్దాలు బిగించి, లోపల 15 డిగ్రీలుంటే ఆ గాలి మొత్తం మోయగలిగేది 65 గ్రాముల లోపు. ఇద్దరు మనుషులు గంటకు 80 గ్రాములు పోస్తున్నారు. గంట తిరక్కుండానే గాలి చేతులెత్తేస్తుంది. అప్పుడు ఆవిరి అన్నిటికన్నా చల్లగా ఉన్న చోటు వెతుక్కుంటుంది: ముందు అద్దం, తర్వాత తలుపుల అద్దాలు, ఆ తర్వాత రేకు. ఎండాకాలం చన్నీళ్ళ చెంబుకు పట్టే చెమట ఇదే.

దీన్ని మనకన్నా ముందు వ్యాఖ్యానించినవాడు లండనులో వైద్యం చేసిన విలియం చార్లెస్ వెల్స్. రాత్రిళ్ళు బయట ఉన్ని పోగులు పరచి, వాటికి పట్టిన తడిని తూచి, మంచు ఆకాశం నుంచి వానలా రాలదనీ, చల్లబడ్డ వస్తువు మీద పక్కనున్న గాలిలోని ఆవిరే నీరవుతుందనీ తేల్చాడు. 1814లో దీని మీద రాసిన గ్రంథానికి రమ్‌ఫర్డ్ పతకం ఇచ్చారు. మన సూత్రకర్తకు ఇంకా ఏ పతకమూ రాలేదు.

చంద్రపూర్ వాసులకు వెల్స్ కూడా అక్కరలేదు. 2920 మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్రం శీతలీకరణ గోపురాల మీద చలికాలం పొద్దున తెల్లగా లేచేది పొగ అనుకుంటారు చాలామంది. అదీ నీటి ఆవిరే, చల్లగాలి తగలగానే బిందువులై కనబడుతుంది. పొగ వచ్చే గొట్టాలు వేరు.

పూర్వపక్షము

ఆక్షేపకుడు లేచి అంటాడు: “స్వామీ, డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ బయట 10 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఇరయి నది మీంచి వచ్చే గాలి తేమగా కూడా ఉంటుంది. ఆ తడిగాలిని లోపలికి పిలిచి తడి పోగొట్టడమేమిటి?”

ఈ ఒక్క ప్రశ్న దగ్గరే చదువుకున్నవాళ్ళందరూ బోల్తా పడతారు. అందుకని కొంచెం ఆగుదాం. 10 డిగ్రీల గాలి నూటికి 80 పాళ్ళు తేమతో ఉన్నా దానిలో ఉండేది ఘనపు మీటరుకు ఏడున్నర గ్రాములే. అదే గాలి లోపలికొచ్చి మన ఒంటి వేడికి 20 డిగ్రీలకు చేరితే దాని మోసే శక్తి 17 గ్రాములవుతుంది. సగం కూడా నిండలేదు. చల్లగా తాకింది కాబట్టి తడిగాలి అనుకుంటాం, తీరా చూస్తే అది ఆకలి మీదున్న గాలి. చల్లని అద్దం దగ్గర కూడా నీరు కాకుండా ఇద్దరి ఊపిరి మోసుకుపోవడానికి నా లెక్కలో గంటకు 30 ఘనపు మీటర్ల దాకా ఇలాంటి గాలి మారాలి. అటూ ఇటూ వేలెడు సందు ఉంటే, పిల్లగాలి వీచినా చాలు.

పాఠాంతర విచారము

కొందరు ‘వేలెడు’ బదులు ‘జానెడు’ అని చదువుతారు. గ్రాహ్యం కాదు. జానెడు సందులో చెయ్యి పడుతుంది, చెయ్యి పడితే సెల్‌ఫోను పోతుంది. దోమలు సరేసరి. ఇది పైగా చంద్రపూర్. ఈ జిల్లాలో పులి తాడోబా అడవి దాటి విద్యుత్కేంద్రం ఆవరణ దాకా వస్తుంది. వేలెడే సాధుపాఠం.

ఇంకొందరు ‘అద్దాలు’ అని బహువచనం చదువుతారు. వీరితో నేను ఏకీభవిస్తాను. ఒకవైపు సందు పెడితే గాలి గుమ్మంలో నిలబడి తిరిగి పోతుంది. ఎదురెదురుగా రెండుంటే దారి ఏర్పడుతుంది. మూలంలో ఏకవచనం ఎందుకంటే, డ్రైవరు సీట్ల వెనక బల్ల మీద దుప్పటి ముసుగులో ఉన్నాడు, క్లీనరు ముందు సీట్ల మీద అద్దం పక్కన ఉన్నాడు. దించే అద్దం ఎవరి చెవి దగ్గరిదో ధ్వనిగా తెలుస్తుంది. ఈ అన్యాయాన్ని వ్యాఖ్యాత గమనించాడు, ఖండిస్తున్నాడు.

ద్వితీయ పూర్వపక్షము

“అద్దాలు బిగించి, లోపల నిప్పు పెట్టుకుంటే వేడికి తడి ఆరదా?”

గ్యాసు పొయ్యి సంగతి ముందు. వంటగ్యాసు కిలో కాలితే కిలోన్నరకు పైగా నీరు పుడుతుంది, అది గాలిలోనే కలుస్తుంది. వెచ్చదనం కోసం వెలిగించినది అద్దానికి నీళ్ళు పోస్తుంది. టీ పెట్టుకోవడం తప్పు కాదు; మూత పెట్టి కాచండి, కాచేంతసేపూ తలుపు తీసి ఉంచండి.

ఇక బొగ్గు. బొగ్గు సీమలో శెగడీకి, అంటే కుంపటికి, కొదవ లేదు. నిప్పుల మీద నీరు పెద్దగా పుట్టదన్నది నిజమే, కానీ కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాడికి దగ్గు కూడా రాదు. మూసిన కేబినులో, మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు పొద్దున లేవని వార్త ప్రతి చలికాలమూ దేశంలో ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంటుంది. ఇక్కడ పరిహాసం ఆపుతున్నాను. బండిలో నిప్పు పెట్టుకుని పడుకోకూడదు, సందు పెట్టినా సరే.

తృతీయ పూర్వపక్షం సిలికా జెల్ పొట్లాలు. వంద గ్రాముల పొట్లం తేమ బాగా ఉన్నప్పుడు పట్టేది 30, 40 గ్రాములు, అంటే ఒక మనిషి ఒక గంట ఊపిరి. మందుల డబ్బాలో బాగుంటాయి. పరాస్తం.

సూత్రమునకు క్యాంపర్ వ్యాన్ నందు అన్వయము

చలికాలంలో తాడోబా పులిని చూడటానికి హైదరాబాదు నుంచి ఇంటిలాంటి బండ్లు వేసుకుని వస్తున్నారు. లోపల మంచం, పొయ్యి, తెరలు, చిన్న దీపాలు. నలుగురు పడుకుంటే గంటకు 160 గ్రాములు. లారీకి లేని మూడు దోషాలు ఈ బండికున్నాయి.

మొదటిది తెర. అద్దానికి ముందు తెర లాగితే మన వేడి అద్దానికి అందదు, ఆవిరి మాత్రం తెరలోంచి దూరిపోతుంది. అద్దం ఇంకా చల్లబడి ఇంకా తడుస్తుంది. కప్పదలిస్తే బయటినుంచి కప్పాలి.

రెండోది గోడ. రేకుకూ లోపలి ప్లైవుడ్డుకూ మధ్య సందు వదిలితే ఆవిరి అక్కడికి చేరి, కనబడకుండా నీరై, రేకును తుప్పు పట్టిస్తుంది. గాలి దూరని ఫోము షీటును రేకుకు సందు లేకుండా అతికించాలి. ఈ పని చేసే మేస్త్రీ పక్కనే నిలబడి చూసుకోవాలి, ఎందుకంటే మూశాక ఎవరికీ కనబడదు.

మూడోది పరుపు. ఒంటి ఆవిరి పరుపులోంచి కిందికి దిగి, చల్లని చెక్కకు తగిలి అక్కడే నీరవుతుంది. వారం పోయాక పరుపు ఎత్తితే నల్లటి బూజు. మన నవారు మంచానికి, నులక మంచానికి ఈ జబ్బు లేదు. పరుపు కింద చెక్క పట్టీలు ఎడంఎడంగా వేస్తే చాలు.

తడి తువ్వాలు లోపల ఆరేయడం గురించి వేరే చెప్పాలా? అందులోని నీరంతా అద్దానికే.

చంద్రపూర్‌కు ఒక వరం ఉంది. ఐరోపాలో చలికాలమంతా ఎండ మొహం చూడక, పొగను బయటికి వదిలే డీజిల్ హీటర్లు బిగించుకుంటారు. విదర్భలో రాత్రి ఎంత చలైనా మధ్యాహ్నం 28 డిగ్రీల దాకా పొడి ఎండ కాస్తుంది. తలుపులన్నీ బార్లా తీసి, దుప్పట్లు, పరుపు బయటపడేస్తే రెండు గంటల్లో పని అయిపోతుంది.

‘తుడుసుడు’ పై శేషవిచారము

తుడిచిన గుడ్డను బయట పిండాలి. కేబినులోనే డాష్‌బోర్డు మీద పడేస్తే ఆ నీరే మళ్ళీ రాత్రికి అద్దం ఎక్కుతుంది. పూర్వికులు అద్దానికి బీడీ పొగాకు రుద్దేవారు, సబ్బు రాసేవారు. సబ్బు నీటిని బొట్లు కట్టనివ్వక పలచని పొరగా పరుస్తుంది, చూపు కాస్త ఆనుతుంది. తడి మాత్రం తగ్గదు. కదిలే బండిలో ఏసీ వేసి, బయటి గాలి తీసుకునే మీట పెట్టడమే ఉత్తమం. ఏసీ గాలిలోని నీటిని పిండేస్తుంది. కొత్తగా తయారయ్యే సరుకు లారీల కేబిన్లకు 2025 నుంచి ఏసీ తప్పనిసరి చేశారు. పాత లారీలకు గుడ్డే గతి. అరచేతి మేర తుడుచుకుని ఆ కంతలోంచి చూస్తూ పొగమంచులో రాజురా వంతెన ఎక్కడం మాత్రం ఏ సంప్రదాయంలోనూ విహితం కాదు.

తాత్పర్యము

ఓయి క్లీనరా! మన యూపిరియే మన యద్దమును తడుపుచున్నది. దానికి వెలికిపోవు దారి విడిచి నిద్రింపుము. చలికి వెరచి దారి మూసితివా, ఆ నీటిని రేపు నీవే మోయుదువు.

ఈ చలికాలం బండిలో నిద్రపోవడానికి బయల్దేరే పాఠకులకు మనవి: అద్దం దించే ముందు మీ ఇంజను ఆపండి, దిగి ఒకసారి పక్క లారీ పొగగొట్టం ఎటు తిరిగి ఉందో చూసుకోండి. మీ వైపు ఉంటే బండి జరిపి పెట్టుకోండి.