సపరివార సమేతం, ప్లేట్లు నలభై

హౌరా–చెన్నై లైనులో వచ్చి కంచిలిలో దిగేవాడికి స్టేషను బోర్డు మీద కనిపించే పేరు సోంపేట. బోర్డుది ఒక పేరు, దిగిన ఊరిది ఇంకో పేరు. కొత్తవాళ్లు తికమకపడతారు గానీ, ఈ ఉద్దానం ప్రాంతం వాళ్లకిది పుట్టినప్పటి నుంచీ అలవాటే. అక్కడి పిల్లల పుట్టినరోజు పండగలూ ఈ స్టేషను లాంటివే. బోర్డు మీద మూడేళ్ల గుంటడి పేరుంటుంది. దిగి చూస్తే అంతా పెద్దల ఊరే.

ముందు ఫ్లెక్సీ చూడాలి. నడుమ కిరీటం పెట్టుకున్న పిల్లాడు, చుట్టూ చేతులు జోడించిన మేనమామలు, బాబాయిలు, కాబోయే సర్పంచులు. ఫ్లెక్సీలో ఉన్నవాళ్లందరూ వస్తారు. ఇంటిల్లిపాదితో వస్తారు. తప్పు వాళ్లది కాదు. "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి" అని కార్డులో అచ్చయి ఉంది. ఆ కార్డు అచ్చు వేయించిన పెద్దమనిషే సాయంత్రం క్యాటరింగ్ ఆయనకి ఫోను చేసి, "నలభై ప్లేట్లు చాల్లే బావూ, సగంమంది గుంటలే కదా" అంటాడు. కార్డులు నలభై కాబట్టి ప్లేట్లూ నలభై. పిలుపు సంస్కృతంలో ఉంటుంది, లెక్క మాత్రం అచ్చ తెలుగులో ఉంటుంది. కార్డుకి నలుగురు చొప్పున నూట అరవై మంది దిగేసరికి ఆ తెలుగుకి నోట మాట రాదు.

తాతలనాడు ఈ చిక్కు ఉండేది కాదు. బంతి వేసేవారు. తొలి బంతి లేచాక గుండిగలోకి తొంగిచూసి, మలి బంతికి ఎసరు పెట్టేవారు. చారు కాస్త పలచబడేది, పప్పు బాగా పలచబడేది, అయినా మూడో బంతి మనిషికీ విస్తరి ఉండేది. చంటిపిల్లలకు అంతకు ముందే వంటింటి గుమ్మంలో ఓ ముద్ద పడేది. బఫే వచ్చాక విస్తరి పోయి వరస వచ్చింది. ఆ వరసలో మూడడుగుల మనిషికి పెద్దల మోచేతులు తప్ప మరేమీ కనబడవు. బల్ల మీద బిరియానీ ఉందని వాడు వాసనబట్టి పోల్చుకోవాలి.

ఇక వేళ సంగతి. కార్డులో ఆరున్నర అని ఉంటుంది. పలాస నుంచి రావలసిన పెదనాన్న ఇంకా దారిలోనే ఉంటాడు గనక తొమ్మిదైనా కేకుకి కత్తి తగలదు. ఈలోగా పిల్లలు బెలూన్లు పగలగొడతారు, చిప్స్ పొట్లాలు ఖాళీ చేస్తారు, కూల్‌డ్రింకు ఒలకబోస్తారు, చివరికి కుర్చీల్లో వాలిపోతారు. పెదనాన్న దిగాక అందర్నీ తట్టిలేపి చప్పట్లు కొట్టిస్తారు. పండగ ఎవరిదో ఆ గుంటడు ముక్కు నిండా క్రీముతో ఏడుస్తుంటాడు. పక్కనుంచి ఒకావిడ, "ఏటి వదినా, గుంటడు ఏటీ తిన్నేదా?" అని అడుగుతుంది. ఆ పూట వాడి తిండి గురించి ఎవరైనా అడగడం అదే మొదలు, అదే ఆఖరు.

నిజానికి చిన్నపిల్లాడు ఎంత తింటాడన్నది బ్రహ్మరహస్యమేం కాదు. ప్రభుత్వం ఏనాడో తూచిపెట్టింది. బడి భోజనంలో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లాడికి పూటకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. మొత్తం 450 కిలోకేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. అంటే ఇరవైమంది గుంటలకి రెండు కిలోల బియ్యం, నాలుగొందల గ్రాముల పప్పు, కిలో కూరగాయలు. దీనికి క్యాటరింగ్ అక్కర్లేదు, ఇంట్లో ఇద్దరు అత్తలుంటే గంటలో అయిపోతుంది. రెండు కిలోల కేకుకి సై అన్న ఇంట్లో రెండు కిలోల బియ్యం మాట ఎవరికీ తట్టదు. కారం తక్కువేసిన పప్పన్నం ఫొటోలో బాగా పడదు మరి.

ఆ బడి భోజనానికి ఆంధ్రప్రదేశ్‌లో 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 19వ శతాబ్దంలో గోదావరి లంకల గన్నవరంలో, వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లందరికీ వండిపెట్టిన ఇల్లాలు ఆమె. ఆ గడప దగ్గర కార్డు చూపించమన్నవాళ్లు లేరు.

అలాగని మన పుట్టినరోజు అతిథులేమీ ముత్యాలు కారు. కవరులో నూటపదహార్లు పెట్టి ఆరుగురు దిగే కుటుంబాలున్నాయి. వస్తామని మాటిచ్చి రానివాళ్లూ ఉన్నారు. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో 2015 జనవరిలో ఒక ఐదేళ్ల పిల్లాడి స్కూలు బ్యాగులో బిల్లు దొరికింది. తోటిపిల్లాడి పుట్టినరోజుకి వస్తానని రానందుకు 15 పౌండ్ల 95 పెన్నీలు కట్టమని. అది లోకమంతా వార్తయింది. అక్కడ రాని ఒక్కడికి బిల్లు వేశారు. ఆ పద్ధతి కంచిలికి వస్తే, చెప్పకుండా వచ్చిన నూట ఇరవై మందికి బిల్లులు రాయడానికే ఒక గుమస్తాని పెట్టుకోవాలి.

ప్లేట్లు చాలక ఒకసారి మాట పడ్డ ఇల్లు మరుసటేడు రెండొందల మందికి వండిస్తుంది. ఆ రోజే జోరున వాన. పాయసంలోని పలాస జీడిపప్పుని ఏరుకున్నంత ఏరుకుని మిగతాది పారబోస్తారు. భారతీయుల ఇళ్లలో తలకు ఏడాదికి దాదాపు 55 కిలోల తిండి వృథా అవుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదికలో లెక్కగట్టింది. అది ఇళ్ల లెక్క, ఫంక్షన్ హాళ్లది కాదు.

పుట్టినరోజున ఊరి బడిలో పిల్లలందరికీ ఓ పూట పెట్టే ఏర్పాటు కూడా ఉంది. తిథి భోజనం అంటారు. గుజరాత్‌లో మొదలై, కేంద్రం బడి భోజన పథకమైన పీఎం పోషణ్‌లోకి వచ్చింది. అక్కడ పిల్లలు నేలమీద వరసగా కూర్చుంటారు, మధ్యాహ్నం వేళకే తింటారు, పెదనాన్న కోసం ఎవరూ ఆగరు. చూడబోతే తాతలనాటి బంతి బడిలోనే బతికున్నట్టుంది.

ఇంట్లోనే చేస్తామంటారా, చేయండి. సకుటుంబ సపరివారాన్నీ తీసేయనక్కర్లేదు. ఈసారి కార్డులో దాని కింద ఒక్క ముక్క వేయించండి: "పిల్లలకు భోజనం ఏడు గంటలకు". ఆ ఒక్క లైనుకి ప్రెస్సువాడు అదనంగా ఏమీ అడగడు.