వాటులైదు చాలు: టీకా తాత్పర్య సహితం

మూలం

ఆ. వాటులైదు చాలు వాద్యము మోగగ
గొంతు కూడ వలయు కొంత వెడద
బల్బు వెలుగు చూచి పర్సు విప్పెడువాడు
పొరుగువారి తిట్లు పొందగలడు

అవతారిక

ఎలక్ట్రిక్ గిటారు ఒంటరిగా నోరు విప్పదు. దానికి యాంప్లిఫయర్ తోడుండాలి. ట్రాన్సిస్టర్లు, చిప్పులు వచ్చి దశాబ్దాలు గడిచినా గిటారు పట్టినవాడి మనసు గాజు వాల్వులను వదలదు. పెద్ద వాల్వు యాంప్ కొంటే ఇల్లు ఒప్పుకోదు, చిన్నది కొంటే పరువు ఒప్పుకోదు. ఇలా రెంటికీ చెడుతున్న శిష్యుణ్ణి ఒడ్డున పడేయడానికి కవి ఈ పద్యం చెప్పాడు.

ప్రతిపదార్థం

వాద్యము = ఎలక్ట్రిక్ గిటారు; మోగగన్ = ఇంటిల్లిపాదికి వినబడునట్లు మోగుటకు; వాటులు + ఐదు = ఒక్క పవర్ వాల్వు ఈయగల శక్తి; చాలున్ = సరిపోవును (ఒక్కొక్కప్పుడు మిక్కిలి యగునని ధ్వని); గొంతు కూడన్ = స్పీకరు సైతము; కొంత వెడద = ఎనిమిదంగుళములకు మించి విశాలమైనదై; వలయున్ = ఉండవలెను; బల్బు వెలుగు = వాల్వులోని హీటరు ఎర్రదనమును; చూచి = చూచినంతనే మోహపడి; పర్సు విప్పెడువాడు = తక్కిన వివరములు అడుగక కొనువాడు; పొరుగువారి తిట్లు = పైయంతస్తు, క్రిందియంతస్తు వారి నిందలను; పొందగలడు = తప్పక పొందును.

వ్యాఖ్య

"వాటులైదు": నాలుగనక, ఆరనక ఐదే ఎందుకన్నాడు? గణం కుదరడానికేనని తొందరపాటు వ్యాఖ్యాతలు అంటారు. వాళ్లు యాంప్ వెనకపలక విప్పి చూడలేదు. ఈఎల్84, 6వి6 అనే పవర్ వాల్వుల్లో ఏదైనా ఒక్కదాన్నే పెట్టి సింగిల్ ఎండెడ్ పద్ధతిలో నడిపితే దక్కేది ఇంచుమించు ఐదు వాట్లే. కవి లెక్క తెలిసినవాడు.

దీనికి ఆదర్శం ఫెండర్ ఛాంప్. 1950లనాటి దాని 5ఎఫ్1 సర్క్యూట్‌లో ముందు ఒక 12ఏఎక్స్7, వెనక ఒక 6వి6, ఏసీని డీసీ చేయడానికి ఒక 5వై3 రెక్టిఫయర్ వాల్వు, ఎనిమిదంగుళాల స్పీకరు, ఒకే ఒక్క వాల్యూమ్ నాబ్ ఉంటాయి. నేర్చుకునే పిల్లల కోసం చేసిన చవక సరుకు అది. 1970లో మయామీలోని క్రైటీరియా స్టూడియోలో 'లైలా' ఆల్బమ్ రికార్డు చేస్తూ ఎరిక్ క్లాప్టన్ ఈ పిల్ల యాంప్‌నే వాడాడు. దగ్గర పెట్టిన మైకుకు పెట్టె పెద్దదా చిన్నదా అన్న పట్టింపు లేదు.

ఒక్క వాల్వుకు స్వరంలోనూ ఒక గుణముంది. తరంగం రెండు సగాలనూ అదే మోస్తుంది కనుక సరి హార్మోనిక్స్ నిలుస్తాయి. రెండో హార్మోనిక్ అంటే పై స్థాయిలో అదే స్వరం. అందుకే ఆ గరగర చెవికి కలుపుగోలుగా ఉంటుంది. రెండు వాల్వులు పని పంచుకునే పుష్‌పుల్‌లో, ఆ దశలో పుట్టే సరి హార్మోనిక్స్ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

పూర్వపక్షం: యాభై వాట్లది పదిరెట్లు గట్టిగా మోగదా?

సిద్ధాంతం: మోగదు. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెళ్లు, పదింతలయితే 10. ఆ పది డెసిబెళ్లు చెవికి సుమారు రెండింతలుగా వినిపిస్తాయి. పదిరెట్ల వాట్లకు డబ్బు కట్టినవాడికి చెవి రెండు రెట్లే చెల్లిస్తుంది.

"గొంతు వెడద": పద్యానికి ఆయువుపట్టు ఇదే. ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెళ్లు వస్తాయో అదే స్పీకరు సెన్సిటివిటీ. 94 పలికేదాన్ని తీసి 100 పలికేదాన్ని పెడితే వాట్లను నాలుగింతలు చేసినంత ఫలం. వాల్వులు మార్చి మార్చి చూసేవాడు ఈ ఒక్క వాక్యం చదివితే చాలు.

ఎపిఫోన్ వాల్వ్ జూనియర్ చూడండి. ఒక 12ఏఎక్స్7, ఒక ఈఎల్84, ఒక నాబ్. ఎనిమిదంగుళాల స్పీకరున్న దాని సొంత పెట్టెలో స్వరం డబ్బాలో తలపెట్టి మాట్లాడినట్టుంటుంది. అదే యాంప్‌ను పన్నెండంగుళాల క్యాబినెట్‌కు కలిపితే కింది తీగలకు బరువొస్తుంది, పై తీగల కీచుతనం తగ్గుతుంది. కాబట్టి చవక యాంప్ కొనేటప్పుడు వెనకవైపు బయటి స్పీకరు జాక్ ఉందో లేదో చూడటం ప్రథమ కర్తవ్యం.

"బల్బు వెలుగు": వెలుగు చూసి కొన్నందుకు డబ్బు పోవాలి గానీ పొరుగువారు తిట్టడమేమిటని శంక. సమాధానం చెబుతున్నాం. వాల్వు వెలిగినంత మాత్రాన తియ్యగా పలకదు. దాన్ని గట్టిగా తోయాలి. పవర్ వాల్వు ఆయాసపడి, ట్రాన్స్‌ఫార్మర్ బరువు మోసి, రెక్టిఫయర్ వాల్వు ఉన్నచోట వోల్టేజీ కాస్త కుంగితేనే జనం చెప్పుకునే ఆ స్వరం వస్తుంది. అంటే వాల్యూమ్ పెంచక తప్పదు. 94 డెసిబెళ్ల స్పీకరుకు ఐదు వాట్లిస్తే మీటరు దూరంలో 101. అపార్ట్‌మెంట్‌లో అది తిట్లు తినే స్థాయే.

అందుకే వాట్లు తగ్గించే స్విచ్ ఉన్నవాటికి విలువెక్కువ. వోక్స్ ఏసీ4టీవీలో 4, 1, పావు వాటు అని మూడు మెట్లుంటాయి. బుగెరా వి5లో 5, 1, 0.1. నాలుగు నుంచి పావుకు దిగితే తగ్గేది 12 డెసిబెళ్లే. బుగెరా చివరి మెట్టు 17 తగ్గిస్తుంది. రాత్రిపూట వాయించేవాడు ఈ తేడా గమనించాలి. బ్లాక్‌స్టార్ హెచ్‌టీ-1 పుట్టడమే ఒక వాటుతో పుట్టింది. యాంపులను గోడల్లా పేర్చడానికి పేరుపడ్డ మార్షల్ కూడా 2012లో తన స్వర్ణోత్సవానికి ఒక వాటు యాంపులే చేసింది. ఆరెంజ్ మైక్రో టెర్రర్‌లో ముందు ఒక వాల్వు, వెనక ట్రాన్సిస్టర్లు. అది వెలుగుకు వాల్వు యాంప్, బరువుకు కాదు.

నామ నిరుక్తి

ఈసీసీ83 అనే నామంలో 'ఈ' అంటే 6.3 వోల్టుల హీటరు, రెండు 'సీ'లు జంట ట్రయోడ్లు, '8' తొమ్మిది కాళ్ల బేసుకు గుర్తు. ఇది ఐరోపా వ్యాకరణం. ఇదే వాల్వును అమెరికావారు 12ఏఎక్స్7 అంటారు. అలాగే ఈఎల్84కు 6బీక్యూ5 పర్యాయపదం. రెండు పేర్లు చూసి రెండూ కొనకూడదు. ఒకప్పుడు బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఈఎల్84లు తయారుచేసింది. ఇప్పుడు కొత్తవి ఎక్కువగా రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి రావాలి. ఒకే పవర్ వాల్వున్నదానికి జోడీ కుదిర్చే ఖర్చుండదు.

పాఠాంతరం

"వాటులైదు" చోట "పదునైదు" అని కొందరు చదువుతారు. రెండు ఈఎల్84లున్న ఫెండర్ బ్లూస్ జూనియర్, 2006లో వచ్చిన ఆరెంజ్ టైనీ టెర్రర్ వారికి ప్రమాణం. ఆ పాఠంతో గణం చెడుతుంది. అయినా పక్కన డ్రమ్ములు వాయించేవాడుంటే అదే సాధుపాఠం.

తాత్పర్యం

ఇంట్లో వాయించేవాడికి ఐదు వాట్లకు మించి అక్కర్లేదు. మిగిలిన డబ్బు స్పీకరు మీద పెట్టాలి. వాట్లు తగ్గించే సదుపాయం లేనిది ఎంత అందంగా వెలిగినా వదిలెయ్యాలి.

విశేషాలు

కారణం ఒకచోట, కార్యం మరోచోట. వెలుగు ఇతని గదిలో, కేకలు పక్కింట్లో. కనుక అసంగతి అలంకారం.

కవి చెప్పకపోయినా వ్యాఖ్యాత చెప్పవలసినవి మూడున్నాయి. అమెరికా నుంచి బావగారు తెచ్చిన యాంప్ 120 వోల్టులదైతే, మన 230కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కూడా ధరలో కలపాలి. స్పీకరు కలపకుండా వాల్వు యాంప్ నడిపితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కే ముప్పు. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు దాగి ఉండొచ్చు కనుక తెలియనివాడు మూత తీయరాదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని షాపు మెట్లెక్కేముందు చదువుకున్నవాడు యాంప్‌ను ముందునుంచి కాక వెనకనుంచి చూస్తాడు. వాట్లు కాక స్పీకరు అంగుళాలు అడుగుతాడు. అప్పుడూ పర్సులో ఏమైనా మిగిలితే, ఏడాదిగా తుప్పుపట్టిన గిటారు తీగలు మార్చుకుంటాడు.