డాబా మీది దిక్పాలకుడు

విశాఖపట్నంలో 1980ల మధ్యకాలం నుంచి కేబుల్ టీవీ వీధివీధికీ పాకేవరకు డాబాల మీద విరివిగా కనిపించి, ఇప్పటికీ గాజువాక, కూర్మన్నపాలెం, గోపాలపట్నం వైపు అక్కడక్కడ మిగిలి ఉన్న గృహస్థులలో యాంటెన్నా నిపుణుడనే రకం ప్రత్యేక పరిశీలనకు తగినది. ఇతడు సాధారణంగా పోర్టులోనో ఉక్కు కర్మాగారంలోనో షిఫ్టు డ్యూటీలు చేసి రిటైరైనవాడు. జీవితమంతా ఇనుముతోనూ బోల్టులతోనూ గడిచినందువల్ల, లోకంలో ఏ చిక్కైనా స్పానరు ఒక్క చుట్టు తిప్పితే విడిపోతుందని నమ్మేవాడు. ఈ వర్ణనకు ఆధారమైన నమూనా పరాయి ఇంట్లో దొరికినది కాదు కాబట్టి, శాస్త్రీయమైన నిష్పాక్షికత కొన్నిచోట్ల సడలినట్టు కనిపిస్తే పాఠకులు మన్నించాలి.

టీవీని ఒక్క సాయంత్రంలో కొని తెచ్చిన ఇతడికి, యాంటెన్నా ఎంచుకోవడానికి మాత్రం నెలలు పట్టేవి. నెలనెలా చందా లేకుండా, కొండ మీది టవరు గాలిలోకి వదిలే తరంగాలను ఇంటి కప్పు మీద పట్టుకోవడమే భూతల ప్రసారం. అందుకు కావలసినది చేపముల్లు ఆకారంలో ఉండే అల్యూమినియం కడ్డీల అమరిక. దీనిని 1926లో జపానుకు చెందిన షింటారో ఉడా, హిడెట్సుగు యాగీ అనే ఆచార్యులు లోకానికి అందించారు. ఇందులో తీగ తగిలించే కడ్డీ ఒక్కటే టీవీకి సంకేతాన్ని పంపుతుంది; దాని వెనుక కాస్త పొడవుగా ఉండేది తరంగాన్ని ముందుకు తిప్పికొట్టే ప్రతిఫలకం, ముందు వరసగా పొట్టిగా ఉండేవి తరంగాన్ని దారిలో పెట్టే నిర్దేశకాలు. తీగ తగిలించే కడ్డీ పొడవు తరంగదైర్ఘ్యంలో సుమారు సగం ఉండాలి గనుక, 200 మెగాహెర్ట్జ్ దగ్గర అది ముప్పావు మీటరు, 60 మెగాహెర్ట్జ్ దగ్గర రెండున్నర మీటర్లు అవుతుంది. కాబట్టి ఏ ఛానల్ కోసమో తెలుసుకుని దానికి తగిన కొలత కొనుక్కోవడమే వివేకం. నిపుణుడు ఈ లెక్క దుకాణదారుకు అరగంటసేపు బోధించి, చివరికి దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది కొనేవాడు.

కడ్డీలు పెరిగేకొద్దీ ఒక్కో కడ్డీ వల్ల కలిగే అదనపు మేలు తగ్గుతుందనీ, యాంటెన్నా చూపు సన్నబడి గురి కుదరడం కష్టమవుతుందనీ ఇతడికి తెలియదనుకోవడం పొరపాటు. గురి కుదరకపోవడమే ఇతడికి కావలసింది. టవరున్న కైలాసగిరి కొండ పాదాన ఉన్న ఎంవీపీ కాలనీలో, తీగముక్క కిటికీకి వేలాడదీసినా బొమ్మ వచ్చే ఇళ్ల మీద కూడా పన్నెండు కడ్డీల యాంటెన్నాలు లేవడానికి వేరే కారణం ఊహించలేము.

1987 జనవరి 25న రామాయణం ధారావాహిక మొదలైన తరువాత ఆదివారం ఉదయాలు ఇతడి ప్రతాపానికి నిర్ణీత సమయాలయ్యాయి. ఇరుగుపొరుగు స్నానాలు ముగించి చాపల మీద కూర్చునేవేళకు ఇతడు డాబా ఎక్కి జీఐ పైపును కౌగిలించుకునేవాడు. కొడుకు కిటికీ దగ్గర, భార్య టీవీ ముందు, ఇద్దరికీ మధ్య ఒక వార్తాహరుడు. "వచ్చిందేటి?" "లేదు నాన్నా, చుక్కలే!" "ఇప్పుడో?" "వచ్చింది, వచ్చింది... అయ్యో, ఎల్లిపోనాది!" యుద్ధమంతా ముగిసి పేర్లు పడుతుండగా దిగివచ్చి, రాముడు చాలా స్పష్టంగా వచ్చాడని ఇతరుల నోట విని తృప్తిపడేవాడు. ఇతడు ఒక్క కార్యక్రమాన్నైనా మొదటి నుంచి చివరిదాకా చూసినట్టు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

బొమ్మ పక్కన మరో నీడబొమ్మ కనిపిస్తే నేరం సింహాచలం కొండది, బొమ్మే రాకపోతే యారాడ కొండది. ఈ నిందలో న్యాయం లేకపోలేదు: నేరుగా వచ్చిన తరంగంతో పాటు కొండకు తగిలి కాస్త ఆలస్యంగా చేరిన తరంగం కూడా తెర మీద తన ముద్ర వేస్తుంది. బూస్టరును టీవీ పక్కన కాక యాంటెన్నా దగ్గరే బిగించాలనీ, లేకపోతే అది దారిలో చేరిన రొదను కూడా పెంచుతుందనీ ఇతడు చెప్పేది అక్షరాలా నిజం. వేసవి సాయంత్రాల్లో శ్రీలంక రూపవాహిని పట్టానన్న గొప్పనూ పూర్తిగా కొట్టిపారేయలేము. సముద్రం మీద చల్లగాలి పొర పైన వేడిగాలి పొర పరుచుకున్నప్పుడు తరంగాలు మధ్యలో చిక్కుకుని వందల కిలోమీటర్లు సాగివస్తాయి. అయితే ఆ అద్భుతం ప్రతిసారీ సాక్షులు నిద్రపోయాకే జరగడం విచారకరం.

ఉప్పుగాలి వల్ల ఇనుప క్లాంపు, అల్యూమినియం కడ్డీ కలిసిన చోట తుప్పు పుట్టి పట్టు వదిలేది. అది నష్టమని ఇంటివారు అనుకునేవారు, డాబా ఎక్కడానికి పిలుపని ఇతడు అనుకునేవాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని అతలాకుతలం చేసినప్పుడు, వీధిలో కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు లేవు. కూలిన చెట్టు గుమ్మానికి అడ్డంగా ఉండగానే ఇతడు వంగిన యాంటెన్నాను సరిచేయడానికి ఎక్కాడు. "టీవీ ఎలాగూ పనిచెయ్యదు కదండీ" అన్న భార్యకు, కరెంటు వచ్చాక హడావిడి ఉంటుందని సమాధానం చెప్పాడు. ఆ మాటలోని దూరదృష్టిని మెచ్చుకోవాలో, ముందు చెట్టు కొట్టమనాలో ఆమెకు పాలుపోలేదు.

2021–22 నాటికి ప్రసారభారతి, సరిహద్దుల వంటి వ్యూహాత్మక ప్రాంతాలలోని కొద్ది కేంద్రాలను మినహాయించి, పాత అనలాగ్ భూతల ప్రసారాలను దేశమంతటా దాదాపు ఆపివేసింది. ఉచితంగా చూడదలచినవారికి మిగిలిన దారి డీడీ ఫ్రీ డిష్; 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన ఈ సేవలో గిన్నెవంటి డిష్‌ను 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది ఉపగ్రహానికి గురిపెట్టాలి. విశాఖ నుంచి ఆ చోటు దక్షిణానికి సుమారు ముప్పై ఒక్క డిగ్రీలు తూర్పుగా, క్షితిజానికి సుమారు 66 డిగ్రీల ఎత్తున, ఏ కొండకూ అందనంత పైన ఉంటుంది. ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది గనుక, ఒకసారి బిగించిన డిష్‌ను మళ్లీ కదపవలసిన పని లేదు.

కదపవలసిన పని లేదన్న సంగతి బిగించడానికి వచ్చిన కుర్రాడు రెండుసార్లు చెప్పాడు. నిపుణుడు శ్రద్ధగా విని, అతడికి టీ ఇప్పించి, డబ్బులిచ్చి వీధి మలుపు దాకా సాగనంపి వచ్చి, స్పానరు తీసుకుని డాబా ఎక్కాడు. కాసేపటికి కింద నుంచి "ఏవండీ, మొత్తం పోయింది!" అన్న కేక వినిపించగా, పై నుంచి ఎన్నో ఏళ్లుగా ఇంట్లో వినబడని హుషారుతో "కంగారుపడకు, ఇప్పుడు చూడు!" అని జవాబు వచ్చింది.